కోబాల్ నుంచి స్టోర్డ్ ప్రొసీజర్లకు: ఐదేళ్ల వాడకం తరువాత

ఒక బీమా సంస్థ మెయిన్‌ఫ్రేమ్‌లో (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్‌లో) నడిచిన, కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాములను ఒరాకిల్ స్టోర్డ్ ప్రొసీజర్లలోకి (ఒరాకిల్ డేటాబేస్‌లోనే దాచి నడిపే ప్రోగ్రాముల్లోకి) మార్చిన బృందంలో నేను పనిచేశాను. ఆ తరువాత ఐదేళ్లుగా విజయనగరంలోని మా ఇంటి నుంచే వాటి నిర్వహణ చూస్తున్నాను. ఈ మార్పు మంచిదేనని నా అభిప్రాయం. అయితే పాత ప్రోగ్రాములో రాయకుండానే అమలైన నియమాలను ముందుగా పట్టుకోకపోతే ఎంత తిప్పలో అనుభవించాను కనుక, వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

మాకు మొదట ఎదురైనది పైసా తేడా. ఒకే పాలసీకి పాత ప్రోగ్రాము 124.56 అంటే కొత్త ప్రొసీజరు 124.57 అనేది. సూత్రం ఒకటే, అంకెలూ అవే. చివరికి ఆ కాగితాలు పట్టుకుని ఆమదాలవలసలో రైలు దిగి, శ్రీకాకుళంలో ఉంటున్న, ఒకప్పుడు నాకు కోబాల్ నేర్పిన మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన కాసేపు చూసి, "తేడా ఎప్పుడూ ఒకవైపే వస్తోంది కదా బాబూ, కంప్యూట్ పక్కన రౌండెడ్ అని ఉందో లేదో చూశారా?" అని అడిగారు. లేదు. లెక్క చేసే కంప్యూట్ వాక్యంలో రౌండెడ్ అనే ఆ మాట లేకపోతే కోబాల్ మిగిలిన దశాంశాలను కోసేస్తుంది. రెండు దశాంశాల నంబర్ చలరాశిలో విలువ వేస్తే ఒరాకిల్ ప్రొసీజర్లు రాసే భాష అయిన పీఎల్ ఎస్‌క్యూఎల్ దానంతట అదే దగ్గరి అంకెకు సవరిస్తుంది. అలాంటి ప్రతి చోటా మిగిలిన దశాంశాలను కోసేసే ట్రంక్ ఫంక్షన్ పెట్టాము.

వరుస క్రమం అంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే అందులో తప్పు జరిగినా ఎర్రర్ రాదు. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్‌సిడిక్ అనే అక్షర సంకేత పద్ధతిలో అక్షరాల తరువాత అంకెలు వస్తాయి. ఇతర కంప్యూటర్లలో వాడే ఆస్కీ పద్ధతిలో అంకెలే ముందు. రెండు ఫైళ్లను పక్కపక్కన చదువుతూ జత కలిపే ప్రోగ్రాములో ఒక వైపు పాత వరుస, మరో వైపు కొత్త వరుస ఉండిపోవడంతో, ఉన్న పాలసీలనే జత లేనివిగా అది పక్కన పెట్టింది. ఖాళీ గడుల సంగతీ అలాంటిదే: ఖాళీలను కత్తిరించాక మిగిలిన శూన్య పదాన్ని ఒరాకిల్ నల్‌గా, అంటే విలువే లేనిదిగా, చూస్తుంది కనుక ఆ పోలికలన్నీ విఫలమయ్యాయి.

వేగం విషయంలో మొదటి తప్పు మాదే. కోబాల్ పేరాకొక (పేరా అంటే ప్రోగ్రాములో ఒక చిన్న భాగం) ప్రొసీజరు చొప్పున యథాతథంగా దించి, కర్సర్‌తో పట్టికలోని ఒక్కొక్క వరుస చదివి, ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేయించాము. రాత్రి పూట ఒక్కసారిగా నడిచే బ్యాచ్ పని తెల్లవారినా ముగిసేది కాదు. ఒకే మెర్జ్ వాక్యంతో పోయేవాటిని అలాగే తిరగరాసి, మిగిలిన వాటికి వరుసలను గుత్తగా చదివే బల్క్ కలెక్ట్, గుత్తగా మార్చే ఫర్ఆల్ వాడాక, ఆఫీసు తెరిచే వేళకు ముందే పని పూర్తవుతోంది. ఆగిన దశ నుంచి మళ్లీ మొదలుపెట్టే సౌకర్యం మెయిన్‌ఫ్రేమ్‌లో పనులను నడిపించే జేసీఎల్‌లో ఉండేది. ఇక్కడ దానికోసం ప్రత్యేకంగా ఒక నియంత్రణ పట్టిక రాసుకున్నాము.

ఇప్పుడు ఎస్‌క్యూఎల్ తెలిసిన కొత్త పిల్లలు సైతం ప్రీమియం లెక్కను చదివి అర్థం చేసుకోగలుగుతున్నారు, అది నాకు నిజంగా సంతోషం. లెక్కలన్నీ ఒకే డేటాబేస్ భాషలో బిగిసిపోవడం మాత్రం లోపమే. రేపు వేరే డేటాబేస్‌కు వెళ్లాలంటే ఇంత శ్రమా మళ్లీ పడాలి.

ఇలాంటి పని తలపెట్టేవారు పాత, కొత్త వ్యవస్థలను కలిపి నడిపే కాలంలోకి మార్చి 31ని తప్పక తీసుకురావాలి. మేము మూడు నెలలు పోల్చి చూసినా, ఏడాదికి ఒక్కసారే నడిచే ముగింపు లెక్కలు ఆ మూడు నెలల్లో పడలేదు.