సీ వ్యూ అన్నారు, వాటర్ ట్యాంకు చూపించారు

మా వాడి సంవత్సరీకం అయ్యాక వాళ్లావిడని, అదే మా వదినని, తీసుకుని నేనూ మా ఆవిడా వైజాగ్ వెళ్లాం. చదువుకున్న రోజుల నుంచీ వాడికి ప్రాణమైన ఊరు. రైలు ప్రయాణం హాయిగా గడిచింది. గది గురించే చెప్పాలి.

‘సీ వ్యూ, పర్యావరణ హిత హోటల్’ అని ఆన్‌లైన్‌లో చూసి, బీచ్ రోడ్డు దగ్గర రెండు గదులు రెండు రాత్రులకి తీసుకున్నా. గది రోజుకి 2,800, మొత్తం 11,200. కర్టెన్ తీస్తే పక్క మేడ మీద నల్లటి వాటర్ ట్యాంకు. దానికీ పిట్టగోడకీ మధ్య బెత్తెడు నీలం. “అదే సముద్రమండి” అన్నాడు సామాను తెచ్చిన కుర్రాడు నవ్వాపుకుంటూ. ఇక పర్యావరణం అంటారా, గదికి రోజూ నాలుగు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. బాత్‌రూంలో ‘భూమిని కాపాడుదాం, టవల్ మళ్లీ వాడండి’ అని చీటీ. అంటే టవళ్లు మార్చరన్నమాట! స్టీలు బాటిల్ నింపుకుంటామంటే ఫిల్టర్ పాడైందన్నారు.

ఆ ట్యాంకు చూసి వదిన ఏడాది తర్వాత గట్టిగా నవ్వింది. “ఆయనుంటే టేపు పెట్టి ఆ సందు కొలిచి మరీ గొడవ పెట్టుకునేవారు.”

కొలిచేవాడే. ఎవరేం చెప్పినా “చూశావా, విన్నావా?” అనేవాడు. ఒకసారి చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ల ఫొటో వాట్సాప్‌లో తిరిగింది, బీచ్ నిండా వందలున్నాయని. వీడు తెల్లారకముందే వెళ్లి ఆ తీరమంతా నడిచి వచ్చాడు. “మూడున్నాయి. ఎలా చచ్చాయో నాకు తెలీదు. ట్రాలర్ వలలో ఇరుక్కుంటే ఊపిరి పీల్చుకోడానికి పైకి రాలేవని జాలర్లు చెప్పారు” అని రాశాడు, అంతే. వందలని ఉంటే జనం కదిలేవారు కదరా అంటే, “మూడు చాలవా?” అన్నాడు.

చెకౌట్ రోజు కౌంటర్ దగ్గర బేరం. “ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్, సాయంత్రం దాకా ఉండొచ్చు.” రైలు రాత్రికి. ఇచ్చేయండీ, ఎండలో ఎక్కడ తిరుగుతాం అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది. ‘సముద్రం బెత్తెడు కనిపిస్తుంది. దోసె బాగుంది’ అని రాసి రెండు స్టార్లు ఇచ్చా. పన్నెండుకి సామానుతో సహా రోడ్డు మీదున్నాం. మా ఆవిడ గంటసేపు మాట్లాడలేదు.

వెయిటింగ్‌తో కలిపి 1,100కి ఆటో మాట్లాడుకుని, సామానేసుకుని భీమిలి వెళ్లాం. అక్కడ ఓ చిన్న మెస్సులో వంజరం పులుసుతో భోజనం 180. రెండోసారి పులుసు అడక్కుండానే పోశారు. మా ఆవిడ మాట్లాడింది.

నాలుగింటికి ఎర్రమట్టి దిబ్బలు. మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, నీడ ఉండదు. ఇనుప ఆక్సైడు వల్లే ఇసుకకి ఆ ఎరుపు. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో కూడా ఉన్నాయని వాడే చెప్పాడు. వాన కోసిన గోడలు మనిషి ఎత్తుని మించి ఉన్నాయి, వేలితో రాస్తే రాలిపోతున్నాయి. కింద దారిలో చిప్స్ కవర్లు.

“లచ్చల ఏళ్ల నాటివమ్మా ఇవి” అన్నాడు ఆటో అతను.

“చూశావా, విన్నావా?” అంది వదిన.

“ఇన్నానమ్మా, మా తాత సెప్పేవోడు.”

తిరిగొచ్చేసరికి వదిన సంచీ ఉబ్బి ఉంది. “పది పన్నెండు కవర్లు ఏరావా?” అన్నా.

“పదకొండు” అంది.