స్పీడోమీటర్ మోత: గ్రీజు పెట్టాలా, కేబుల్ మార్చాలా, మీటరే విప్పాలా?

పాత కారులో స్పీడోమీటర్ మోత మొదలవగానే చాలామంది చేసే పని ఒకటుంది. డాష్‌బోర్డ్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, కేబుల్ ఊడదీసి, మీటరు నోట్లో ఇంత నూనె పోస్తారు. నాలుగు రోజులు చప్పుడుండదు. ఆ తర్వాత ముల్లు ఉన్న వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది, బండి ఆగినా సున్నాకి సరిగ్గా దిగదు. దశాబ్దాల పాటు నమ్మకంగా పనిచేసిన మీటరు అలా పాడైపోతే ప్రాణం ఉసూరుమంటుంది. నూనె సీసా తీసేముందు ఒక గంట ఆగి, మోత ఎక్కణ్ణుంచి వస్తోందో చూడమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దారులు మూడు: కేబుల్ బయటికి తీసి, కడిగి గ్రీజు పెట్టడం, కొత్త కేబుల్ వేయడం, మీటరునే విప్పించడం. వీటిలో ఏది మేలో తేలాలంటే లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. గేర్‌బాక్స్ దగ్గరున్న చిన్న పళ్లచక్రం, అవుటర్ అనే గొట్టంలో ఉండే ఇన్నర్‌ని, అంటే పొరలు పొరలుగా చుట్టిన ఉక్కు తీగని తిప్పుతుంది. ఆ తీగ మీటరులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతానికి తగలకుండా, దాన్ని ఆనుకున్నంత దగ్గరలో ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. తిరిగే అయస్కాంతం వల్ల గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి దాన్ని ముందుకు లాగుతాయి, వెంట్రుకంత స్ప్రింగ్ వెనక్కి పట్టి ఉంచుతుంది. ముల్లు ఆ గిన్నెకే బిగించి ఉంటుంది. జర్మనీలో ఒట్టో షుల్జ్ 1902లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇదే. గిన్నెకీ అయస్కాంతానికీ మధ్య ఉండాల్సింది గాలి ఒక్కటే. అక్కడికి నూనె చేరితే రెండూ జిగురుతో అంటుకున్నట్టు కలిసి తిరగబోతాయి, ముల్లు ఎక్కువ చూపించేది అందుకే.

చప్పుడే సగం సంగతి చెప్పేస్తుంది. టకటకమని, వేగంతో పాటు జోరందుకుంటూ, దాంతో పాటే ముల్లు కూడా ఊగుతుంటే అనుమానం కేబుల్ మీద. ఎండిన తీగ గొట్టంలో పట్టేసి, మెలి తిరిగి, ఒక్కసారిగా విడుచుకుంటుంది. ముల్లు ఎగిరేది ఆ విడుపుకే. చలి ఉదయాల్లో కీచుమని కూసి, కాసేపు నడిచాక తగ్గే మోత మాత్రం దాదాపుగా మీటరుదే. అయస్కాంతం ఇరుసు తిరిగే బుష్‌లో నూనె ఇంకిపోయిందన్నమాట. ముల్లు నిలకడగానే ఉండి, కొంత దూరానికోసారి ఒక్క టిక్కు వినిపిస్తే కిలోమీటర్ల అంకెలు తిప్పే పళ్లచక్రాలను చూడాలి.

చెవిని పూర్తిగా నమ్మక్కర్లేదు. డాష్‌బోర్డ్ చప్పుడును అటూ ఇటూ తిప్పి వినిపిస్తుంది. బ్యాటరీ తీగ తీసి, మీటరు వెనక నట్ విప్పి, కేబుల్ కొసకి గుడ్డ చుట్టి, కరెంటు వైర్లకు తగలకుండా పక్కకి కట్టేయండి. బ్యాటరీ మళ్లీ కలిపి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రండి. మోత అలాగే ఉంటే కేబుల్‌దో, దాని కిందిదో. పోయిందంటే మీటరు మీద గట్టి అనుమానం. ఖాయం అని ఇంకా అనలేం, ఎందుకంటే బరువు లాగనప్పుడు పాడైన కేబుల్ కూడా బుద్ధిగా తిరుగుతుంది. గేర్‌బాక్స్ వైపు కొస కూడా విప్పాక ఇంకా మోత వస్తుంటే, అది స్పీడోమీటర్‌ది కానే కాదు.

మీటరును విడిగా పరీక్షించడానికి నాకు నచ్చిన పద్ధతి డ్రిల్. పాత ఇన్నర్ ముక్క ఒకటి డ్రిల్‌కి బిగించి, నలుచదరపు కొసని మీటరులో పెట్టి, నిదానంగా తిప్పాలి. అంతకంటే ముందు వేళ్లతో తిప్పి, ముల్లు ఏ వైపుకి తిప్పితే పైకి లేస్తుందో చూసుకోవాలి. మీటరు మైళ్లదై, డయల్ మీద 1000 అని చిన్న అంకె ఉంటే, అది మైలుకి అన్ని చుట్లని అర్థం. నిమిషానికి 1000 చుట్లు తిప్పితే ముల్లు 60 దగ్గర నిలవాలి. బల్ల మీద పెట్టిన మీటరు తనంతట తానే కూస్తే ఇక సందేహమే లేదు.

కేబుల్‌ది తప్పని తేలితే, గ్రీజా కొత్తదా అన్నది వేళ్లే చెబుతాయి. ఇన్నర్‌ని బయటికి లాగి, కిరోసిన్‌తో కడిగి, తుడవండి. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని తీగని కిందికి వేలాడనిచ్చి, ఒక కొసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా తిప్పండి. మంచి తీగ నీళ్లలా తిరుగుతుంది. మెలిక పడినది ఒకచోట ఆగి, చటుక్కున దొర్లుతుంది. ఆ కుదుపు వేలికి స్పష్టంగా తగులుతుంది. ఒక్కసారి తగిలిందంటే ఇక గ్రీజు దండగ, ఇన్నర్ మార్చాల్సిందే. కొసల నలుచదరం అంచులు గుండ్రంగా అరిగినా అంతే.

వంకర లేకపోతే గ్రీజే మేలు. కాకపోతే పొదుపుగా పూయాలి. కింది మూడింట రెండు వంతులకి పలుచగా పూసి, మీటరు వైపు చివరి 15–20 సెంటీమీటర్లు పొడిగా వదిలేయాలి. తీగ మీది చుట్లు మరచుట్ల లాంటివి, తిరుగుతూ తిరుగుతూ గ్రీజుని పైకి ఎక్కిస్తాయి. అది చేరేది చివరికి ఆ గిన్నె దగ్గరికే.

కొత్త కేబుల్ కొనేటప్పుడు ఇన్నర్, అవుటర్ రెండూ కలిపి తీసుకోవడమే నా సలహా. గొట్టం లోపల అరిగిపోయి ఉంటే, కొత్త తీగని కూడా అది త్వరగానే తినేస్తుంది. పొడవు సరిచూసుకోండి. తీగ మీటరులోకి ఎక్కువగా పొడుచుకుపోతే అయస్కాంతం ఇరుసుని నెడుతూ, లేని మోతని తెచ్చిపెడుతుంది. బిగించేటప్పుడు మీటరు వెనక మొదటి 5 సెంటీమీటర్లు నేరుగా రానివ్వండి, ఆ తర్వాత ఎక్కడా బిగుతు వంపు లేకుండా చూడండి. చాలా మోతలకి మూలం రేడియో పెట్టేటప్పుడు ఎవరో పక్కకి నెట్టేసిన కేబులే.

ఇక మీటరుదే తప్పయితే, బాగుచేయడం తెలిసినవారికి ఇవ్వడం మేలని గట్టిగా చెబుతాను. కొన్ని పాత మీటర్లలో ఇరుసు బుష్‌కి నూనె అందించే ఒత్తి, దానికి చిన్న రంధ్రం ఉంటాయి. అలాంటిది ఉంటే, సన్నటి నూనె ఒకటి రెండు చుక్కలు సూదితో వేసి చూడొచ్చు. అది లేకుండా స్ప్రే కొట్టడం మాత్రం వద్దు. స్ప్రే మిగిలిన పాత నూనెని కడిగేసి తాను ఆవిరైపోతుంది. ముల్లు పీకడం కూడా వద్దు, దాన్ని మళ్లీ సరైన చోట కూర్చోబెట్టడం స్ప్రింగ్ బలాన్ని కొలిచి చేయాల్సిన పని. చాలా పాత మీటర్లలో చీకట్లో మెరిసే అంకెలకి రేడియం రంగు వాడేవారు, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. అలాంటి డయల్ అద్దం ఇంట్లో తెరవకండి.

ఖర్చుకి భయపడి కూస్తున్న మీటరుతో అలాగే నడిపితే? బుష్ ఒకరోజు పూర్తిగా పట్టేస్తుంది, కేబుల్ ఆ క్షణమే తెగుతుంది. అప్పుడు రెండూ కొనాలి. నా కారు కూతని నేను ఒక చలికాలమంతా వాయిదా వేశాను. కేబుల్‌కి రెండుసార్లు గ్రీజు పెట్టినా తగ్గలేదు. డ్రిల్ పరీక్ష మొదటి వారమే చేసి ఉంటే ఆ కేబుల్ ఇంకా బతికేది.

పాత కేబుల్ తీసినప్పుడు ఇంకొకటి చూడండి. మీటరు వైపు కొస నల్లగా, పలుచని నూనెతో తడిగా ఉంటే అది మీరు పెట్టిన గ్రీజు కాదు, గేర్‌బాక్స్ నూనె. కింది పళ్లచక్రం దగ్గరి సీలు పోయిందని అర్థం. ఆ చిన్న సీలు మార్చాకే కొత్త కేబుల్ బిగించండి.