వార్నిష్ ఎక్స్‌కీ: వరదల్లో వాడాక నా మాట

అమలాపురంలో ఒక చిన్న వార్తల సైటుకు సర్వర్లు చూస్తుంటాను. వార్నిష్ అంటే సైటు పేజీల కాపీలు దాచుకుని, అసలు సర్వర్‌కు ముందు నిలబడి పాఠకులకు అందించే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్. దాని వేగం గురించి అందరూ చెప్పేదే, ఆ జోలికి పోను. నాకు ప్రాణమైనది దాని ఎక్స్‌కీ మాడ్యూలు, అంటే ఒకే ట్యాగు ఉన్న కాపీలన్నిటినీ ఒక్క దెబ్బకు తుడిచే అదనపు భాగం.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. దాన్ని చూసే లంకల్లో వాళ్ళు సామాను సర్దాలో, పడవెక్కాలో తేల్చుకుంటారు. 2022 జూలై వరదల్లో మూడో హెచ్చరిక ఎగరేశాక కూడా మా సైట్లో కొందరికి రెండోదే కనిపించింది. అప్పట్లో వాడిన ప్రాక్సీలో పాత కాపీ పోవాలంటే ఏ పేజీ చిరునామాకు ఆ చిరునామా విడిగా చెప్పి తుడవాలి. హోమ్ పేజీ, వరద పేజీ, మండలాల పేజీలు అన్నీ తుడిచాం. అయినా మామిడికుదురు నుంచి ఒకాయన ఫోన్ చేసి "ఇంకా రెండోదే చూపిస్తోందేంటండీ" అని అడిగారు. ఫేస్‌బుక్ నుంచి వచ్చే లింకుల చివర ఎఫ్‌బిసిఎల్‌ఐడి అనే తోక తగులుతుంది. తోక మారితే ప్రాక్సీకి అది వేరే పేజీ, వేరే కాపీ. వాటి జాబితా ఎక్కడని తేవాలి?

ఎక్స్‌కీ అయితే మన అప్లికేషన్ పేజీతో పాటు పంపే హెడర్‌లోనే (పేజీ గురించిన సమాచారంలో) ట్యాగు పెడతాం. ఆ ట్యాగును పర్జ్ చేస్తే, అంటే తుడిచేయమంటే, తోకలున్నవీ లేనివీ అన్నీ పోతాయి, ఎన్ని పోయాయో అంకె తిరిగొస్తుంది. మొదటిసారి ఆ అంకె చూసి నోట మాట రాలేదు. వరద మీద మాకున్నవి కొద్ది పేజీలే, అంకె మాత్రం వందల్లో ఉంది!

అయితే ఏవేవి పోయాయో అది చెప్పదు. క్యాష్‌లో, అంటే దాచుకున్న కాపీల్లో, ఏముందో జాబితా అడిగినా వార్నిష్ ఇవ్వదు. ఫోన్ బ్రౌజర్ దాచుకున్న కాపీ మీద దాని పెత్తనం అసలే సాగదు. అందుకే వరద పేజీకి మ్యాక్స్-ఏజ్ (కాపీ ఎంతసేపు చెల్లుతుందో బ్రౌజర్‌కు చెప్పే గడువు) సున్నా పెట్టి, ప్రాక్సీకి మాత్రం దాని సొంత గడువు ఎస్-మ్యాక్స్ఏజ్ ఇచ్చాం. సాఫ్ట్‌పర్జ్ కూడా ఉంది, అది కాపీని వెంటనే తుడవకుండా గడువు తీరినట్టు గుర్తు పెడుతుంది. కొత్తది వచ్చేదాకా పాతదే చూపిస్తూ వెనక సర్వర్ మీద బరువు తగ్గిస్తుంది. సినిమా వార్తలకు అది బాగుంటుంది, హెచ్చరికకు మాత్రం వద్దు.

మాది ఒక్క మిషనే కాబట్టి ఇంత సుఖం. సర్వర్లు ఎక్కువుంటే ప్రతిదానికీ విడిగా పర్జ్ పంపుకోవాలి. పైగా మాడ్యూలు విడి ప్యాకేజీ, వార్నిష్ వెర్షన్ మారిస్తే దాన్నీ తగ్గట్టు బిల్డ్ చేయాలి. ఆ పని జూన్ లోపే ముగించేస్తాను. గోదావరికి ఎర్రనీరు వచ్చాక ఆ సర్వర్ మీద చెయ్యి వెయ్యను.