సముద్ర సూచనకు ఏది మేలు: సమీకరణాలా, కృత్రిమ మేధా?

విశాఖ చేపల రేవు నుంచి వారం రోజుల వేటకు బయలుదేరే మరబోటు సరంగుకు అలల సూచన ఏ పద్ధతిలో తయారైందన్నది పట్టదు; అది నిలబడుతుందా లేదా అన్నదే ముఖ్యం. తయారుచేసేవారి ముందు మాత్రం ఇప్పుడు రెండు దారులున్నాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) వంటి సంస్థలు ఏళ్ల తరబడి నడిచిన దారి మొదటిది: సముద్రాన్ని గళ్లుగా విభజించి, గాలి నుంచి నీటికి చేరే శక్తిని, అలల ప్రయాణాన్ని, లోతు తగ్గినచోట అవి విరిగే తీరును భౌతికశాస్త్ర సమీకరణాలతో లెక్కగట్టడం. రెండవది కృత్రిమ మేధ: గడచిన దశాబ్దాల సముద్ర స్థితిగతులను ముందు పెట్టి, నేడు ఇలా ఉంటే రేపు ఎలా ఉంటుందో యంత్రమే నేర్చుకునేలా చేయడం.

వేగం విషయంలో పోటీ లేదు. అలలను లేపేది గాలి గనుక వాతావరణ నమూనాతోనే పోల్చవచ్చు: 2023లో వెలువడిన గ్రాఫ్‌కాస్ట్ అనే కృత్రిమ మేధ నమూనా పది రోజుల ప్రపంచ వాతావరణ సూచనను ఒకే యంత్రంపై నిమిషంలోపు ఇస్తుంది, అదే పనికి సమీకరణాల నమూనా సూపర్ కంప్యూటర్‌ను గంటల తరబడి నడపాలి. ఆదా అయిన సమయం కన్నా ఆ చౌకతనంతో చేయగలిగే పని విలువైనది. ఆరంభ స్థితిని కొద్దికొద్దిగా మారుస్తూ వందల సూచనలు తీస్తే, తుఫాను ఎటు మళ్లే అవకాశం ఎంతో అంచనాకు వస్తుంది.

అయితే ఈ శిష్యుడికి చదువు చెప్పిన గురువు సమీకరణాలే. చైనాలో రూపొందిన సముద్ర నమూనా షీహే నేర్చుకున్నది ఫ్రాన్సుకు చెందిన మెర్కేటర్ ఓషన్ సంస్థ పునర్విశ్లేషణ నుంచి. ఉపగ్రహాల కొలతలను, నీటి లోపలికి మునిగి తేలే ఆర్గో పరికరాల కొలతలను భౌతిక నమూనాలో మేళవించి తయారుచేసిన చరిత్ర అది. గురువు తప్పులు శిష్యుడికీ అంటుతాయి.

పైగా ఆ చరిత్ర 1993లో మొదలవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అందులో లేదు. 1940 నుంచి ఉన్న వాతావరణ పునర్విశ్లేషణలు లేకపోలేదు గాని, దాదాపు 30 కిలోమీటర్ల గళ్లలో తుఫాను కేంద్రం చుట్టూ వీచే అసలు గాలి తీవ్రత మొద్దుబారిపోతుంది. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం లోతు తక్కువగా ఉంటే నీరు ఎంత పైకి తోసుకొస్తుందో సమీకరణానికి మునుపటి ఉదాహరణ చూపనక్కరలేదు; నేర్చుకునే యంత్రానికి అదే ప్రాణం.

మరొక లోపం తక్కువగా కనబడేది, సరంగుకు ఎక్కువగా తగిలేది. సగటు పొరపాటును తగ్గించేలా శిక్షణ పొందిన నమూనా, అలల ఉధృతి మధ్యాహ్నం వస్తుందో రాత్రి వస్తుందో తేల్చుకోలేనప్పుడు రెండింటికీ నడుమ ఒక మెత్తని అంకె చెబుతుంది. సూచనలో కనిపించే అల ఎత్తు కూడా, ఎత్తైన మూడో వంతు అలల సగటు మాత్రమే. రెండు మీటర్లని రాసి ఉన్నప్పుడు, ఎనిమిది సెకన్లకొకటి చొప్పున వచ్చే అలల్లో రెండుంపావు గంటలకు ఒకటైనా మూడున్నర మీటర్లు దాటడం మామూలే. ఆ రెండు మీటర్లను యంత్రం ఒకటిన్నరకు దించితే పడవ మీద ఉన్నవాడికి అది చిన్న తేడా కాదు.

సమీకరణాలకూ తమ బలహీనతలున్నాయి. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన పొడవాటి అలలు, అలకూ అలకూ మధ్య 18 సెకన్ల వ్యవధి గలవైతే గంటకు సుమారు 50 కిలోమీటర్ల చొప్పున, రోజుల తరువాత మన తీరం చేరతాయని అవి చక్కగా చెబుతాయి. రేవు ముఖద్వారంలో, ఇసుక మేట మారినచోట మాత్రం తరచూ ఒకేవైపు తప్పుతాయి. ఒకేవైపు తప్పు అంటేనే నేర్చుకోదగిన తప్పు. తీరం దగ్గర తేలే బోయా కొలతలను, సమీకరణాల సూచనను పక్కపక్కన పెట్టి తేడాను మాత్రమే యంత్రానికి నేర్పించడం నా దృష్టిలో కృత్రిమ మేధకు అన్నిటికన్నా తగిన కొలువు.

అందువల్ల నా ఓటు విడివిడిగా పడుతుంది. మామూలు రోజుల వేటకు సమీకరణాల సూచన, దానిపై యంత్రపు దిద్దుబాటు. తుఫాను దారికి యంత్రం తీసే వందల సూచనలు. ఉప్పెన ఎత్తుకు సమీకరణాలు మాత్రమే. యూరోపు మధ్యకాలిక వాతావరణ కేంద్రం సైతం 2025 ఫిబ్రవరిలో తన కృత్రిమ మేధ నమూనాను నిత్య వినియోగంలోకి తెచ్చినప్పుడు పాత నమూనాను ఆపలేదు; రెండింటినీ పక్కపక్కనే నడుపుతోంది.