గోధుమచేను నా టీవీ కన్నా బెత్తెడు ఎక్కువ

ముప్పయ్యొక్క ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. అన్నేళ్లూ వాన్ గో బొమ్మలను పుస్తకాల్లోనే చూశాను, అవీ అగ్గిపెట్టె అంతంత. వాటినే పిల్లలకు చూపించి "రంగు ఎలా పూశాడో గమనించండి" అనేవాణ్ని. ఏం గమనిస్తారు పాపం! ఇప్పుడు ఇంట్లో 43 అంగుళాల టీవీ ఉంది, నాకు తీరిక ఉంది, డాక్యుమెంటరీలు వెతికి పెట్టడానికి మనవరాలు ఉంది. ఆరు నెలలుగా గొప్ప చిత్రకారుల మీద తీసిన టీవీ సిరీస్‌లు దొరికినన్ని చూశాను. వాటిలో ఏది చూడదగ్గదో నాకు తోచినట్టు రాస్తున్నాను. నా కొలత ఒక్కటే. కెమెరా బొమ్మ ముందు ఎంతసేపు నిలబడగలిగింది?

ఇంట్లోవాళ్లు నవ్వుకునే అలవాటు ఒకటి ఉంది, అదీ చెప్పాలి. ఏ బొమ్మ గురించి చూడబోతున్నానో ముందుగా దాని కొలతలు కనుక్కుంటాను. పాత వార్తాపత్రికలు అతికించి, ఆ సైజుకు కత్తిరించి, టీవీ పక్కన గోడకు అంటిస్తాను. టీవీలో అన్ని బొమ్మలూ ఒకే సైజైపోతాయి. మోనాలిసా 77 × 53 సెంటీమీటర్లు. పికాసో వేసిన గెర్నికా 349 × 776. తెర మీద రెండూ తోబుట్టువుల్లా ఉంటాయి. గెర్నికాకు మా హాలు గోడ చాలలేదు. కాగితం మూల తిరిగి, తలుపును కప్పేసి, అవతలి గోడ మీదికి పాకింది. ఆ పూట ఇంట్లో ఎవరు వచ్చినా వంగి రావలసి వచ్చింది. పికాసో నిచ్చెన ఎందుకెక్కాడో అప్పుడు అర్థమైంది.

ఎవరైనా ఒక్క సిరీస్‌తో మొదలుపెట్టాలనుకుంటే 2006లో బీబీసీలో వచ్చిన "పవర్ ఆఫ్ ఆర్ట్" చూడమంటాను. చరిత్రకారుడు సైమన్ షామా చేశాడు. ఎనిమిది భాగాలు, ఒక్కోటి దాదాపు గంట. కారవాజియో, బెర్నీని, రెంబ్రాంట్, డేవిడ్, టర్నర్, వాన్ గో, పికాసో, రోత్కో. బెర్నీని శిల్పి కాబట్టి అతన్ని పక్కన పెడితే చిత్రకారులు ఏడుగురు. పుట్టుక నుంచి చావు దాకా వరసగా చెప్పుకుంటూ పోవడం ఇందులో ఉండదు. మనిషి ఒక ఇరకాటంలో పడ్డప్పుడు వేసిన ఒక బొమ్మను పట్టుకుని, కథంతా దాని చుట్టూ తిప్పుతాడు. షామాకు మాట మీద మంచి పట్టుంది, కొంచెం చమత్కారం పాలు ఎక్కువ. చేతులు జేబులో పెట్టుకుని మన ఇంటికొచ్చి కూర్చుని చెబుతున్నట్టుంటుంది.

చిక్కంతా నటులతో వచ్చింది. వాన్ గోగా ఆండీ సెర్కిస్ చేశాడు. నటన గట్టిదే, కాదనను. కానీ అతను కళ్లు పెద్దవి చేసినప్పుడల్లా నాకు బొమ్మ దూరమైంది. సగం సినిమా అయ్యేసరికి మనవరాలు అడిగింది: "తాతయ్యా, చెవి ఎప్పుడు కోసుకుంటాడు?" పన్నెండేళ్ల పిల్లకు కూడా వాన్ గో అంటే మొదట తెలిసింది చెవి! ఇది షామా ఒక్కడి తప్పు కాదు. ఆ చిత్రకారుడి మీద ఏది తీసినా, అతను చెవి కోసుకున్న 1888 డిసెంబరు రాత్రి కోసం ఎదురుచూసేలా మనల్ని తయారు చేస్తారు.

ఆ భాగానికి ఎంచుకున్న బొమ్మ "గోధుమచేను మీద కాకులు". 50.5 × 103 సెంటీమీటర్లు. నా టీవీ తెర ఎత్తు 53, వెడల్పు 95. కాగితం కత్తిరించి పెట్టి చూస్తే ఎత్తు సరిపోయింది, వెడల్పు బెత్తెడు ఎక్కువైంది. అంటే ఈ ఒక్క బొమ్మను మాత్రం టీవీ దాదాపు అసలు సైజులో చూపగలదు. అందుకేనేమో, కెమెరా దగ్గరికి వెళ్లి పసుపు గీతల మీద ఆగినప్పుడు ఒళ్లు జలదరించింది. అది పూత కాదు, కుంచెతో పొడిచినట్టుంది. ఒక్కో గింజకు ఒక్కో పోటు. పుస్తకంలో అగ్గిపెట్టె బొమ్మ చూపించి నేను ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పలేకపోయింది ఇదే.

ఈ బొమ్మను చాలామంది అతని ఆఖరి బొమ్మగా చూపిస్తారు. చేనులో దారి ఎటూ పోకుండా ఆగిపోయింది, కాకులు వచ్చాయి, ఇక చావే అని. నిజానికి ఇది 1890 జూలై మొదటి సగంలో వేసింది. అతను పోయింది 29న. ఆఖరిది "చెట్ల వేర్లు" అని ఇప్పుడు పండితులు ఎక్కువమంది అంటున్నారు. ఆ రోజుల్లో తమ్ముడు తెయోకు రాసిన ఉత్తరంలో విశాలమైన గోధుమచేల గురించి, పైన కలతపడ్డ ఆకాశం గురించి చెప్పాడు. విచారాన్ని, తీవ్రమైన ఒంటరితనాన్ని వేయడానికి ప్రయత్నించానన్నాడు. ఇంతవరకూ అందరూ చదివి వినిపిస్తారు. ఆ వెంటనే, పల్లెలో తనకు ఆరోగ్యంగా, బలాన్నిచ్చేదిగా కనిపించేది కూడా ఆ బొమ్మల్లో ఉందని రాశాడు. అతని కథకు వెనక ఏడుపు వయొలిన్ పెట్టేవాళ్లకు ఆ వాక్యం పనికిరాదు కాబట్టి వదిలేస్తారు.

ఈ కిటుకును బయటపెట్టిన మనిషి ఇంగ్లండుకు చెందిన కళావిమర్శకుడు జాన్ బెర్జర్. 1972లో "వేస్ ఆఫ్ సీయింగ్" అని నాలుగు అరగంట భాగాలు చేశాడు. దాని వెంట వచ్చిన పుస్తకంలో ఇదే గోధుమచేను బొమ్మ వేసి, ఊరికే చూడమని, పేజీ తిప్పమన్నాడు. తిప్పితే అదే బొమ్మ, కింద "ఇది వాన్ గో చనిపోయే ముందు వేసిన ఆఖరి బొమ్మ" అన్న అర్థం వచ్చే మాట. ఆ మాట చదివాక బొమ్మ మారిపోతుంది. టీవీ సిరీస్ మొదలవడమే బెర్జర్ కత్తి తీసుకుని బోటిచెల్లి బొమ్మ నకలులో నుంచి వీనస్ తలను కోయడంతో. మొదటిసారి చూసి ఉలిక్కిపడ్డాను. ఒకచోట కారవాజియో "ఎమ్మావు విందు" బొమ్మను పిల్లల ముందు పెడతాడు. మధ్యలో కూర్చున్నది మగా ఆడా అని వాళ్లు వాదించుకుంటారు. గడ్డం లేని క్రీస్తును చూసి ఏ పెద్దవాడూ ఆ ప్రశ్న వేయడు. ఆ నిమిషాల కోసమైనా చూడాలి. యాభై ఏళ్ల నాటిది, రంగులు వెలిశాయి, అక్కడక్కడ ఉపన్యాసం వాసన కొడుతుంది. అయినా సరే.

మళ్లీ షామా దగ్గరికి వస్తాను. ఎనిమిదింటిలో నాకు నచ్చింది రెంబ్రాంట్ భాగం. ఆమ్‌స్టర్‌డామ్ నగర భవనం కోసం 1661-62లో వేసిన "క్లాడియస్ సివిలిస్ కుట్ర" దాని కథ. అయిదున్నర మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు. సివిలిస్ రోమన్ల మీద తిరగబడ్డ నాయకుడు, అతనికి ఒక కన్ను లేదు. మర్యాద తెలిసిన చిత్రకారుడైతే పక్కకు తిప్పి మంచి కన్ను మాత్రం చూపించేవాడు. రెంబ్రాంట్ ఆ మూసుకుపోయిన కన్నునే మనకేసి తిప్పాడు. కొన్నాళ్లు గోడ మీద ఉంచి, దింపి, తిప్పి పంపేశారు. ఆ తర్వాత బొమ్మను కోసి చిన్నది చేశారు. ఇప్పుడు స్టాక్‌హోమ్‌లో మిగిలింది 196 × 309 సెంటీమీటర్లు. పూర్తి బొమ్మ ఎలా ఉండేదో చెప్పడానికి చిన్న గీత చిత్రం ఒకటి మిగిలింది. నేను డాబా మీద సుద్దముక్కతో ముందు 550 × 550 చదరం గీసి, లోపల మిగిలిన ముక్కను గీశాను. అయిదో వంతు! ఆ చదరం మధ్య నిలబడ్డాక మళ్లీ కిందికి వచ్చి భాగమంతా రెండోసారి చూశాను.

రోత్కో భాగం చక్కగా చెప్పాడు, కానీ టీవీ చేతులెత్తేసింది. న్యూయార్క్‌లో ఖరీదైన రెస్టారెంటు కోసం 1958లో ఒప్పుకున్న బొమ్మలు అవి. అక్కడ ఒకసారి భోంచేసి వచ్చాక ఇక ఇవ్వనని డబ్బు వెనక్కి పంపేశాడు. తొమ్మిదింటిని లండన్‌లోని టేట్ మ్యూజియానికి ఇచ్చాడు. అవి లండన్ చేరిన రోజు, 1970 ఫిబ్రవరి 25, న్యూయార్క్‌లో అతను శవమై కనిపించాడు. కథ గుండె పిండుతుంది. బొమ్మ మాత్రం తెర మీద ముదురు ఎరుపు పలక. అందులో నాకు స్పష్టంగా కనిపించింది మా కిటికీ, కుర్చీలో నేను. కిటికీ మూసి, దీపాలార్పి చూస్తే కొంత నయం.

రంగుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నాకు కుడికంటికి శుక్లం తీశారు, ఎడమకంటికి ఇంకా తీయలేదు. ఎడమకన్ను మూసి చూస్తే వాన్ గో ఆకాశం నీలం. కుడికన్ను మూసి చూస్తే అదే ఆకాశం మీద ఎవరో పలచగా టీ డికాషన్ పోసినట్టుంటుంది. తామర కొలను బొమ్మలు వేసిన ఫ్రెంచి చిత్రకారుడు మోనేకు ఇదే జరిగింది. 82వ ఏట, 1923లో, కుడికంటికే శస్త్రచికిత్స చేయించుకున్నాడు, ఎడమది ముట్టుకోనివ్వలేదు. ముందు వేసినవి ఎరుపు, గోధుమ రంగుల్లోకి జారిపోయాయి. మోనే మీద తీసిన కార్యక్రమాల్లో ఈ సంగతి ఒక వాక్యంలో దాటేస్తే కోపం వస్తుంది. ఒక్కో కంటికి ఒక్కోలా కనిపించే ఒకే కొలనును పక్కపక్కన పెట్టి చూపించడానికి టీవీ కన్నా మంచి చోటు ఎక్కడుంది? మీ టీవీలో రంగులు బాగా ముదరబెట్టే సెట్టింగు ఉంటే మాత్రం తీసేసి, సినిమా సెట్టింగు పెట్టుకోండి. లేకపోతే అందరూ ఒకే రంగుల డబ్బాలో ముంచి వేసినట్టే కనిపిస్తారు.

చూడవద్దని చెప్పేది కూడా ఒకటుంది, పేరు రాయను. యాభై నిమిషాల కార్యక్రమం. కొవ్వొత్తి, వాన, రాళ్ల మీద నడిచే బూట్లు, మళ్లీ కొవ్వొత్తి. గడియారం పెట్టుకుని లెక్కేశాను, బొమ్మలు కనిపించింది మొత్తం నాలుగు నిమిషాల లోపే. దానికి తోడు, కెమెరా బొమ్మ మీద ఆగిన చోటల్లా ప్రకటన వచ్చి పడింది.

అన్నిటికన్నా పైన పెట్టేది ఫ్రెంచి టెలివిజన్‌లో 1988లో మొదలైన "పలెట్". అలాన్ జోబేర్ తీశాడు. అరగంట, ఒక్క బొమ్మ. తెర మీద వ్యాఖ్యాత లేడు, నటులు లేరు. ఎవరో తాపీగా మాట్లాడుతుంటారు, కెమెరా బొమ్మలోనే తిరుగుతుంటుంది. లా తూర్ వేసిన పేకాట మోసగాడి బొమ్మ మీద ఒక భాగం ఉంది. మోసగాడు వీపు వెనక నుంచి డైమండ్ ఆసు తీస్తున్నాడు. మధ్యలో కూర్చున్న ఆవిడ తల కదపదు, కనుగుడ్లు మాత్రం పక్కకు పోతాయి. సారాయి గ్లాసు పట్టుకున్న పనిమనిషి చూపూ పక్కకే. కుడివైపు కుర్రవాడొక్కడే బుద్ధిగా తన ముక్కలు చూసుకుంటున్నాడు. ఆ చూపుల దారిని పట్టుకుని పోతే ఎవరు ఎవరితో కలిశారో మాటలు లేకుండా తెలిసిపోతుంది. ఈ ఒక్క భాగం నా చేతిలో ఉండి ఉంటే తొమ్మిదో తరగతికి కళ్లు వేయడం మూడు వారాలు చెప్పేవాణ్ని కాదు.

వెర్మీర్ "ఖగోళశాస్త్రజ్ఞుడు" మీద కూడా ఒకటి ఉంది. 1668 నాటి బొమ్మ. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం ఏదో, మెటియస్ అనే పండితుడు ఖగోళశాస్త్రం మీద రాసిన పుస్తకం 1621 నాటి ముద్రణ అని, అందులో ఏ పేజీ అని కూడా గుర్తుపట్టారు. బొమ్మలోని మనిషి చేయి ఆనించిన నక్షత్రాల గ్లోబు హోండియస్ అనేవాడు చేసింది. ఇవన్నీ దాదాపు 51 × 45 సెంటీమీటర్ల లోపల. ఆ రోజు కాగితం మనవరాలే కొలిచి కత్తిరించింది. గోడకు కాకుండా తిన్నగా తెర మధ్యలో అంటించింది. మొదటిసారి కాగితం టీవీ కన్నా చిన్నదైంది, చుట్టూ ఇంకా చోటు మిగిలింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి తనే లేచి పీకేసింది: "తాతయ్యా, బొమ్మ కనబడటం లేదు."