జలోరీ పాస్ నుంచి సెరోల్సర్ సరస్సు: నడక తేలికే, అసలు పరీక్ష రోడ్డుదే

టెంట్లు, గైడు, నాలుగు రోజుల ట్రెక్కు లాంటివేవీ లేకుండా హిమాలయాల్లో పదివేల అడుగుల ఎత్తున నడవాలనుకునేవాళ్లకి హిమాచల్ ప్రదేశ్‌లోని జలోరీ పాస్ అనే కొండ కనుమ చక్కగా సరిపోతుంది. కనుమ ఎత్తు 3,120 మీటర్లు. కారు నేరుగా కనుమ మీదే దింపుతుంది. అక్కడున్న మహాకాళి గుడి దగ్గర మొదలయ్యే బాటలో 5 కిలోమీటర్లు వెళ్తే సెరోల్సర్ సరస్సు వస్తుంది. రానూ పోనూ 10 కిలోమీటర్లు. తాపీగా నడిచినా వెళ్లడానికి రెండు గంటలు చాలు.

బాట చాలావరకు కొండవాలు వెంట ఖర్సు ఓక్ చెట్ల నీడలోనే సాగుతుంది. ఎత్తుపల్లాలు తక్కువ. అలిపిరి మెట్లు ఎక్కగలిగినవాళ్ల మోకాళ్లకి ఇది కష్టమేమీ కాదు. ఆయాసం మాత్రం వస్తుంది. ఈ ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. మొదటి అరగంట కావాలనే నెమ్మదిగా నడిస్తే తర్వాత ఇబ్బంది ఉండదు. రాత్రి బస రోడ్డు మీద కనుమకి 12 కిలోమీటర్ల దిగువన ఉన్న జిభీ అనే ఊళ్లో పెట్టుకోవడం మేలు. బాగా దిగువన పడుకుంటారు కాబట్టి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం లాంటివి చాలామందికి రావు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి. చక్రాల కుర్చీకి, పిల్లల స్ట్రోలర్‌కి ఈ బాట పనికిరాదు. మట్టిదారి, అడ్డంగా చెట్ల వేర్లు, అక్కడక్కడా రాళ్లు.

జారిపడేవాళ్లు ఎక్కువగా పడేది ఎక్కేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు. వాన పడితే ఓక్ ఆకుల పొర కింద బురద దాగుంటుంది. నున్నటి అడుగున్న స్నీకర్లతో వస్తే అక్కడ అడుగు నిలవదు. నవంబర్ చివర, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ తగలని మలుపుల్లో మంచు గడ్డకట్టి గాజులా గట్టిపడుతుంది. దాని మీద గమ్‌బూట్లు కూడా జారతాయి, బూట్లకి తగిలించుకునే ఇనుప ముళ్లు కావాలి. పశువుల బాటలు పక్కలకి చీలుతుంటాయి, వెడల్పాటి దారి వదలకూడదు.

సరస్సు గురించి ముందే చెప్పాలి. ఫొటోల్లో కనిపించేంత పెద్దది కాదు, గట్టున నిలబడితే ఒక్క చూపులో అయిపోతుంది. దాని కోసమే వెళ్తే నిరాశ తప్పదు, అడవి కోసం వెళ్లాలి. గట్టున బూఢీ నాగిన్ అమ్మవారి గుడి ఉంది. ఆ చుట్టుపక్కల నాగదేవతలకి ఆవిడే తల్లి అని నమ్మకం, మొక్కుబడిగా నెయ్యి సమర్పిస్తారు. నీటి మీద ఆకు పడితే ఆభీ అనే పిట్ట తీసేస్తుందని చెబుతారు. నీళ్లలో దిగకండి, కాళ్లు కడగకండి.

ఇక రోడ్డు. మండీ వైపు నుంచి వస్తే ఔట్ అనే ఊరి దగ్గరున్న సొరంగం ముందే కుడివైపు తిరిగి బంజార్, జిభీ, షోజా మీదుగా రావాలి. మనాలీ బస్సులో వచ్చేవాళ్లు సొరంగానికి ముందే దింపమని కండక్టర్‌కి గట్టిగా చెప్పాలి, లేకపోతే బస్సు సొరంగం దాటించేస్తుంది. షోజా దాటాక చివరి 5 కిలోమీటర్లు నిటారు, ఇరుకు, గతుకులు. టర్బో లేని ఇంజిన్ ఇంత ఎత్తులో దాదాపు 30 శాతం బలం కోల్పోతుంది. ఐదుగురు, సామాను ఉన్న చిన్న కారు ఎదురు బండికి దారివ్వడానికి మలుపులో ఆగిందంటే, డ్రైవరు హాఫ్ క్లచ్ మీద నిలబెడతాడు, రెండు మూడు సార్లకే క్లచ్ ప్లేటు కాలిన వాసన. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో కదలాలి. దిగేటప్పుడు కూడా ఫస్ట్, సెకండ్ గేర్లే. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఘాట్ రోడ్డు అలవాటు లేకపోతే జిభీలో టాక్సీ మాట్లాడుకోవడమే తెలివైన పని.

మే, జూన్, మళ్లీ సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మధ్య దాకా మంచి కాలం. జూలై, ఆగస్టుల్లో మండీ, ఔట్ మధ్య కొండచరియలు విరిగిపడి హైవే మూతపడే ప్రమాదముంది, తిరుగు విమానానికి ఒక రోజు అదనంగా ఉంచుకోకుండా రావద్దు. చలికాలంలో మంచు పడితే కనుమ మూసేస్తారు, సాధారణంగా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి, మార్చి వరకు. పొద్దున్నే 8 గంటలకల్లా నడక మొదలుపెట్టాలి. మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్ముతుంది, పైగా కనుమ మీద కారు నిలపడానికి చోటు దొరకదు.

కనుమ మీది దాబాల్లో రాజ్మా చావల్, మ్యాగీ, టీ దొరుకుతాయి. నీళ్లు ఇక్కడ 90 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా వండిన రాజ్మా పలుకుగానే ఉంటుంది, అడిగి తీసుకోండి. సిగ్నల్ నమ్ముకోలేం, ఫోన్‌పే పని చేయకపోవచ్చు, బంజార్‌లోనే నోట్లు తీసుకోవాలి. తలా ఒక లీటరు నీళ్లు, రెయిన్‌కోటు తప్పనిసరి.

ఓపిక మిగిలితే కనుమకి అవతలి వైపు రఘుపుర్ కోట ఉంది, దాదాపు 3 కిలోమీటర్లు. ఎక్కుడు ఎక్కువ, మిగిలినవి శిథిలాలే, కానీ పైనున్న పచ్చికబయలు నుంచి మంచుకొండలు కనిపించినంత బాగా సెరోల్సర్ దారిలో ఎక్కడా కనిపించవు. ఒకే రోజు రెండూ పెట్టుకుంటే రఘుపుర్ పొద్దున, సరస్సు తర్వాత. పెద్దవాళ్లు ఉంటే సరస్సు ఒక్కటే చాలు.