సరుకు ఓడ తొలి డిజైన్‌కు ఏ లెక్క మేలు: సూత్రాలా, సీఎఫ్‌డీనా?

కృష్ణపట్నం రేవుకు బొగ్గు తెచ్చే ఓడ ఎంత పొడవుండాలి, ఎంత వెడల్పుండాలి, నిండు సరుకుతో నీటిలో ఎంత లోతు మునగాలి, ఏ వేగంతో నడవాలి అన్నవి డిజైన్ తొలి దశలోనే తేలిపోతాయి. ఆ తరువాత ఎంత మెరుగుదిద్దినా, ఇంధన ఖర్చులో పెద్ద భాగం అప్పటికే ఖరారై ఉంటుంది.

ఆ దశలో ఓడను నీరు ఎంత అడ్డుకుంటుందో లెక్కించడానికి ఒక దారి, ఓడలపై, వాటి నమూనాలపై జరిపిన పాత పరీక్షల ఫలితాల నుంచి రాబట్టిన సూత్రాలు. పరిశోధకులు హోల్ట్రోప్, మెన్నెన్ 1982లో ప్రచురించిన పద్ధతి వీటిలో ప్రసిద్ధమైనది. ప్రధాన కొలతలు, ఓడ అడుగు ఎంత నిండుగా ఉందో వంటివి చెప్పే ఆకారపు గుణకాలు కొన్ని ఇస్తే నీటి నిరోధం ఎంతో కంప్యూటర్ క్షణంలో చెబుతుంది. రెండవది సీఎఫ్‌డీ, అంటే కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్ (ద్రవ ప్రవాహాన్ని కంప్యూటర్‌తో లెక్కించడం). ఓడ చుట్టూ ఉన్న నీటిని లక్షల గడులుగా విడదీసి ప్రవాహ సమీకరణాలను సాధించే ఈ పద్ధతికి గంటలు, ఒక్కోసారి రోజులు పడతాయి. అంతకన్నా ముఖ్యంగా, పూర్తిగా గీసిన ఆకారం ముందే చేతిలో ఉండాలి. తొలి దశలో లేనిది అదే.

నెల్లూరు, ఒంగోలు ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ అంశాన్ని ప్రాజెక్టుగా తీసుకుంటే సీఎఫ్‌డీ రంగుల చిత్రాల వైపు మొగ్గడం సహజమే కానీ, మొదట సూత్రాలతోనే పని మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. రేవు లోతు మునకకు హద్దు పెట్టినప్పుడు, అదనపు సరుకు కోసం పొడవు పెంచితే ఉక్కు ఖర్చు పెరుగుతుంది, వెడల్పు పెంచితే సాధారణంగా నిరోధం పెరుగుతుంది. ఇంజను శక్తి సుమారుగా వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి, వేగాన్ని 14 నాట్ల నుంచి 13కు తగ్గిస్తే అవసరమైన శక్తి దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. అయితే ఏడాదిలో చేసే ప్రయాణాలూ తగ్గుతాయి. ఇలాంటి వందల కలయికలను పోల్చి చూడడానికి, కచ్చితత్వం కొంత తక్కువైనా, వేగమైన లెక్కే ఉపకరిస్తుంది.

అయితే ఆ సూత్రాలకు తాము పుట్టిన ఓడల పరిధి దాటితే చూపు ఆనదు. లోతు తక్కువ రేవుల కోసం అసాధారణంగా వెడల్పైన ఓడను తలపెడితే, సీఎఫ్‌డీని ముందుగానే పిలవాలి. వెనుక భాగంలో నీటి ప్రవాహం ఓడ ఒంటి నుంచి విడిపోవడం, ప్రొపెల్లర్‌కు చేరే నీటి తీరు, ఓడ ముక్కు దగ్గర నీటి కింద బల్బులా ఉబ్బిన భాగపు ఆకారం వంటివాటిలో సూత్రాలు దానికి సాటి రావు.

ఏది వాడినా, పరీక్షా ఫలితాలు తెలిసిన అదే తరహా ఓడను ముందుగా అదే లెక్కలో వేసి, వచ్చిన తేడాను కొత్త ఓడకు సవరణగా వాడడం తప్పనిసరి.